రెండు సైకిళ్లు, ఒకే సామాను: స్నేహితుడితో కలిసి దేశం దాటే సైకిల్ యాత్రకు సిద్ధమయ్యే పద్ధతి

ఇద్దరు కలిసి దూరయాత్రకు వెళ్తే ఒక్కొక్కరు మోసే బరువు తగ్గుతుంది, ఎదురుగాలిలో ఒకరి చాటున ఒకరు ఊపిరి పీల్చుకోవచ్చు, ఒకరు దుకాణంలోకి వెళ్తే ఇంకొకరు సైకిళ్లు చూసుకుంటారు. అయితే ఈ లాభాలు వాటంతటవే రావు. సైకిళ్ల కొలతలు కలవకపోతే విడిభాగాల సంచి రెట్టింపవుతుంది. వేగాలు కలవకపోతే ఒకరు రోజంతా ఎదురుచూస్తారు, ఇంకొకరు రోజంతా తరుముకుంటూ వస్తారు. సగంలో ఆగిపోయే జంట యాత్రల్లో కొండలు ఆపినవి తక్కువ, ఈ పొంతన కుదరక ఆగినవే ఎక్కువ. కాబట్టి రూటు మ్యాపు పరిచే ముందు రెండు సైకిళ్లనూ పక్కపక్కన నిలబెట్టి చూడండి.

కొలతలు కలపడం

ముందు టైరు పక్కగోడ మీద అచ్చువేసిన అంకెలు చదవండి. 37-622 అని ఉంటే టైరు వెడల్పు 37 మిల్లీమీటర్లు, రిమ్ మీద అది కూర్చునే చోటి వ్యాసం 622 మిల్లీమీటర్లు. ఈ రెండో అంకే అసలైనది. 700సి అన్నా, 29 అంగుళాలు అన్నా 622 ఒక్కటే. 28 అంగుళాలు అన్న పేరుతోనే చిక్కు: పాత తరహా నిలువు సైకిళ్లలో అదే పేరుతో 635 కొలత ఉంటుంది. 622 టైరు 635 రిమ్ మీదికి ఎక్కదు. 635 టైరు 622 రిమ్ మీద వదులుగా కూర్చుని గాలి కొట్టగానే జారి బయటికొస్తుంది. 26 అంగుళాల్లో కూడా 559, 590 లాంటి వేర్వేరు రకాలున్నాయి. అందుకే పేరుతో కాకుండా అంకెతో కొనండి. రెండు సైకిళ్లకూ ఈ అంకె ఒకటే అయితే ఒక్క మడత టైరు ఇద్దరికీ సరిపోతుంది.

తర్వాత వాల్వు. సన్న వాల్వున్న ప్రెస్టా ట్యూబు, కారు టైర్లలో ఉండే లావు వాల్వు ష్రేడర్ ట్యూబు, ఈ రెండింటిలో ఏదో ఒకదానికి ఇద్దరూ కట్టుబడండి. రిమ్ రంధ్రం సన్నదైతే లావు వాల్వు దూరదు. రంధ్రం లావుదైతే చిన్న రబ్బరు వాషరు వేసి సన్న వాల్వు వాడుకోవచ్చు. వెళ్లబోయే దారిలో ఊళ్లలో ఏ రకం ట్యూబులు దొరుకుతాయో తెలుసుకున్నాకే నిర్ణయించండి.

చైన్ విషయంలో వెనక పళ్లచక్రాల సంఖ్య కలవాలి. తొమ్మిది గేర్ల చైన్‌కు పనికొచ్చే క్విక్ లింకు (చైన్ రెండు కొసలనూ కలిపే విడి లంకె) పదకొండు గేర్ల చైన్‌కు పట్టదు. బ్రేక్ ప్యాడ్ ఆకారం కూడా అంతే: డిస్క్ బ్రేకుల్లో ప్యాడ్ల ఆకారాలు పదుల్లో ఉన్నాయి, ఒకదాని ప్యాడ్ ఇంకొకదానిలో కూర్చోదు. ఇద్దరి బ్రేకులూ ఒకే నమూనావైతే రెండు జతలు చాలు, వేర్వేరైతే నాలుగు మోయాలి. కేబుల్ డిస్క్ బ్రేకైతే తెగిన వైరును రోడ్డు పక్కనే మార్చుకోవచ్చు. హైడ్రాలిక్ బ్రేకు పట్టు బాగుంటుంది గానీ గొట్టం కారితే దానికి సరిపడే నూనె, పరికరాలు ఉన్న మెకానిక్ కావాలి. ఊళ్లు దూరంగా ఉన్న దారికి కేబుల్ రకమే నయం.

ఒక్కటి మాత్రం సాధారణంగా కలవదు, అది డెరైలర్ హ్యాంగర్. డెరైలర్ అంటే చైన్‌ను ఒక పళ్లచక్రం మీది నుంచి ఇంకోదాని మీదికి జరిపి గేరు మార్చే భాగం. ఫ్రేముకు వెనక కుడివైపు, డెరైలర్‌ను పట్టి ఉంచే చిన్న అల్యూమినియం ముక్క ఇది. సైకిల్ పక్కకు పడితే ఫ్రేము బదులు అది వంగేలా చేస్తారు. చాలావరకు ఒక్కో ఫ్రేము నమూనాకు దాని ఆకారం వేరు. ఎవరి హ్యాంగర్ వారు కొని, సీటు కింద సంచిలో వేసుకోవాల్సిందే. బరువు కొన్ని గ్రాములే. అది లేకపోతే మాత్రం వారం రోజులు పార్సిల్ కోసం కూర్చోవాల్సి రావచ్చు.

మిట్ట ఎక్కించే గేరు

దుకాణంలో ఉన్న సైకిలు ఖాళీది. మీరు తొక్కబోయేది 15 కిలోల సామానున్నది. ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ముందు అతిచిన్న చక్రానికి 26 పళ్లు, వెనక అతిపెద్ద చక్రానికి 34 పళ్లు ఉన్నాయనుకోండి. 26ను 34తో భాగిస్తే 0.76. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే చక్రం ముప్పావు చుట్టే తిరుగుతుంది. 37-622 టైరు చుట్టుకొలత సుమారు 2.17 మీటర్లు. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు దాదాపు 6 కిలోమీటర్ల వేగం వస్తుంది. నిటారు మిట్టలో సామానుతో నిలకడగా వెళ్లగలిగే వేగం అదే. అదే ముందు 34, వెనక 28 ఉన్న రోడ్డు సైకిలైతే 60 చుట్లకు గంటకు 9 కిలోమీటర్లు దాటుతుంది. ఆ వేగం నిలవదు కాబట్టి చుట్లు 40కి పడిపోతాయి, ఆ భారం మోకాళ్ల మీద పడుతుంది. ఇద్దరి అతితక్కువ గేరూ దగ్గరదగ్గరగా ఉంటే మిట్టలో ఒకరి పక్కన ఒకరు ఉండగలరు. ఒకరు ఎంత బలవంతులైనా, గేరు ఎక్కువైతే నెమ్మదిగా వెళ్లడం చేతకాదు.

టైరు వెడల్పు 35 నుంచి 42 మిల్లీమీటర్ల మధ్య ఉంటే తారు రోడ్డుకూ కంకర రోడ్డుకూ పనికొస్తుంది. 70 కిలోల మనిషి, సైకిలూ సామానూ కలిపి 30 కిలోలు అనుకుంటే, 37 మిల్లీమీటర్ల టైరులో వెనక 55–65 పీఎస్‌ఐ, ముందు 40–50 పీఎస్‌ఐ గాలి బాగుంటుంది. టైరు మీద అచ్చువేసిన గరిష్ఠం దాటకూడదు. బొటనవేలితో నొక్కి చూడడం కొలత కాదు. మీటరున్న చేతి పంపు ఒక్కటైనా జోడీలో ఉండాలి.

క్యారియర్, దాని బోల్టులు

వెనక క్యారియర్‌కు ఫ్రేము మీద మరలున్న కన్నాలు ఉండాలి. అవి లేని ఫ్రేముకు క్లాంపులు బిగించి పది పన్నెండు కిలోలు వేలాడదీస్తే గతుకుల్లో జారిపోతాయి. చాలా వరకు ఇవి ఎం5 బోల్టులు, 4 మిల్లీమీటర్ల అలెన్ కీతో బిగుస్తాయి. బిగించే ముందు మరల మీద నీలిరంగు థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేయండి. ఎర్రది వద్దు, విప్పాలంటే వేడి చేయాల్సి వస్తుంది.

బోల్టు వదులైన క్యారియర్ వెంటనే పడిపోదు. ముందు కిర్రుమంటుంది. రెండు రోజులు ఆ చప్పుడు పట్టించుకోకపోతే, ఆ కదలికకే మూడో రోజు బోల్టు తల తెగి, మర భాగం ఫ్రేములో ఇరుక్కుంటుంది. అందుకే పొద్దున్నే బ్యాగులు తగిలించకముందే క్యారియర్‌ను పట్టుకుని అటూ ఇటూ ఊపి చూడాలి. ఎం5 బోల్టులు నాలుగు, నైలాన్ జిప్ టైలు పది, మీటరు ఇన్సులేషన్ టేపు జోడీకి ఒకే సెట్టు చాలు. టేపును పంపు గొట్టానికి చుట్టి ఉంచుకుంటే వేరే చోటు అక్కర్లేదు.

బ్యాగుల్లో బరువైనవి అడుగున, ఇరుసుకు దగ్గరగా పెట్టండి. కుడి ఎడమల మధ్య అర కిలో తేడా పర్వాలేదు, రెండు కిలోల తేడా అయితే పల్లంలో హ్యాండిల్ వణుకుతుంది. మడమ బ్యాగుకు తగులుతుంటే బ్యాగును వెనక్కి జరపండి. మరీ వెనక్కి వెళ్తే మిట్టలో ముందు చక్రం తేలికై అటూ ఇటూ తిరుగుతుంది. సామాను 15 కిలోలు దాటితే కొంత ముందు ఫోర్కు పక్కన కిందుగా వేలాడదీయడం మేలు.

ఏది ఒకటి, ఏది రెండు

సామాను పంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఇద్దరం రెండు గంటలు విడిపోతే, ఇది లేనివారు చిక్కుకుపోతారా? అవునంటే అది రెండు కావాలి, కాదంటే ఒకటి చాలు.

ట్యూబు, పంపు, టైరు లివర్లు, ప్యాచ్ డబ్బా, నీళ్లు, తినడానికి ఏదైనా, డబ్బు, ఫోను, లైట్లు, వానకోటు, గాయానికి కట్టే బట్ట ఎవరివి వారివి. పంపు ఒకటే ఉంటే అది ముందు వెళ్తున్నవారి దగ్గరే ఉంటుంది, పంక్చర్ వెనక వచ్చేవారికే అవుతుంది.

డేరా, స్టవ్వు, గిన్నెలు, చైన్ విప్పే పనిముట్టు, స్పోకులు బిగించే కీ, క్యాసెట్ (వెనక పళ్లచక్రాల గుత్తి) విప్పే లాక్‌రింగ్ పనిముట్టు, మడత టైరు, విడి వైర్లు, చైన్ నూనె జోడీకి ఒకటి. డేరా గుడ్డ ఒకరు, కర్రలూ మేకులూ ఇంకొకరు మోస్తే బరువు సరిపోతుంది. కానీ ఒకరు వెనకబడి చీకటి పడితే ఇద్దరికీ నీడ ఉండదు. స్టవ్వూ ఇంధనమూ కూడా విడదీస్తే విడివిడిగా రెండూ పనికిరాని వస్తువులే. కాబట్టి డేరా మొత్తం ఒకరి దగ్గర, వంట మొత్తం ఇంకొకరి దగ్గర ఉంచి, డేరా లేనివారి దగ్గర వాటర్‌ప్రూఫ్ గుడ్డ ఒకటి ఉంచడం మేలు. ‘ఇద్దరికి’ అని రాసి ఉన్న డేరాలో ఇద్దరే పడతారు, బ్యాగులు పట్టవు. నెల రోజుల ప్రయాణానికి ‘ముగ్గురికి’ అని రాసి ఉన్నది తీసుకుంటే అర కిలో ఎక్కువైనా నిద్ర దక్కుతుంది.

బరువును సగం సగం పంచడం న్యాయంగానే కనిపిస్తుంది, దారిలో మాత్రం అదే అన్యాయం. బలంగా తొక్కేవారు రెండు మూడు కిలోలు ఎక్కువ మోస్తే మిట్టల్లో ఇద్దరి వేగమూ దగ్గరవుతుంది. దీనికి రెండు రోజుల పరీక్ష యాత్ర చేయాలి: పూర్తి సామానుతో మొదటిరోజు 60 కిలోమీటర్లు, రాత్రి బయట పడుకుని రెండోరోజు మళ్లీ 60. మొదటిరోజు ఎవరైనా తొక్కుతారు, లోపాలన్నీ రెండోరోజు పొద్దున బయటపడతాయి. తిరిగొచ్చాక ముట్టుకోని వస్తువులన్నీ ఒక పక్కన కుప్ప పోయండి. అందులో మందులు, పనిముట్లు, వానకోటు తప్ప మిగతావి ఇంట్లోనే ఉండాలి.

రోజుల లెక్క

సామానుతో మైదానంలో కదులుతున్నప్పటి సగటు వేగం గంటకు 14–17 కిలోమీటర్లు. ఆగడాలు కలిపితే 70 కిలోమీటర్లకు ఏడు గంటలు పడుతుంది. ఎత్తు లెక్క వేరు. మనిషీ సైకిలూ సామానూ కలిపి 100 కిలోలైతే, గంటలో 400 నుంచి 500 మీటర్ల ఎత్తు ఎక్కడమే మామూలు మనిషికి గట్టి పని. కాబట్టి రోజు ప్రణాళికలో కిలోమీటర్లతో పాటు మొత్తం ఎక్కే ఎత్తు కూడా రాసుకోండి. 50 కిలోమీటర్లలో 1,200 మీటర్ల ఎక్కుడు ఉంటే, అది 90 కిలోమీటర్ల మైదానం కంటే బరువైన రోజు.

2,000 కిలోమీటర్ల దారి అనుకుందాం. రోజుకు 70 చొప్పున 29 రోజులు. ఆరు రోజులు తొక్కి ఒక రోజు విశ్రాంతి అంటే ఇంకో నాలుగైదు. వాన, జ్వరం, విరిగిన భాగం కోసం ఎదురుచూపు, వీటికి మూడు నాలుగు రోజులు. మొత్తం 37 రోజులు. సెలవు 30 రోజులే ఉంటే రోజుకు తొక్కే దూరం పెంచకండి, దారి తగ్గించండి. మొదటి నాలుగు రోజులు 50 దాటొద్దు, ఒళ్లు సీటుకు అలవాటు పడేది అప్పుడే. కనీసం మూడు రోజులకొకసారి బస్సో రైలో అందే ఊరు తగిలేలా దారి గీసుకుంటే, ఒకరు మానుకోవాల్సి వచ్చినా ఇంకొకరి యాత్ర పాడవదు.

దిక్కు ఎంచుకునేటప్పుడు ఆ కాలంలో గాలి ఎటు నుంచి వీస్తుందో చూడండి. మీరు గంటకు 15 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఎదురుగాలి కూడా 15 ఉంటే, ఒంటికి తగిలేది 30 కిలోమీటర్ల గాలి. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి అది నాలుగింతలు. అదే దారిని ఇటు చివర కాకుండా అటు చివర నుంచి మొదలుపెడితే చాలా రోజులు మిగులుతాయి. నేల వేడెక్కాక గాలి లేస్తుంది, అందుకే తెల్లవారగానే బయల్దేరి, రోజు దూరంలో సగానికి పైగా మధ్యాహ్నం లోపే పూర్తి చేయడం మంచిది. రాత్రి బస వెతకడం సూర్యాస్తమయానికి రెండు గంటల ముందే మొదలవ్వాలి.

దారిలో ఇద్దరి నడక

మైదానంలో నెమ్మదిగా వెళ్లేవారు ముందుండాలి. వేగంగా వెళ్లేవారు ముందుంటే, వెనకవారు తెలియకుండానే రోజూ తమ శక్తికి మించి తొక్కుతారు. వారంలో ఆ బాకీ మోకాలి నొప్పిగా తిరిగొస్తుంది. ఎదురుగాలిలో మాత్రం తలకిందులు: బలమైనవారు ముందు ఎక్కువసేపు, రెండోవారు తక్కువసేపు. సమానంగా 15 నిమిషాలు చొప్పున పంచుకోవాలన్న పట్టింపు వద్దు.

గాలి చాటున తొక్కేటప్పుడు ఎంత దూరం ఉండాలి? గంటకు 20 కిలోమీటర్లు అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. మధ్య దూరం ఒక మీటరే అయితే ముందువారు బ్రేకు వేసినప్పుడు మీకు దక్కేది సెకనులో ఐదో వంతు కూడా కాదు. సామాను సైకిలు తొందరగా ఆగదు, పైగా ముందున్న బ్యాగులు గుంతలను కప్పేస్తాయి. రెండు మీటర్లు ఉంచండి. గాలి చాటు కొంచెం తగ్గినా ఒళ్లు దక్కుతుంది. మీ ముందు చక్రం వాళ్ల వెనక చక్రం పక్కకు చేరనివ్వొద్దు. రెండూ ఒరుసుకుంటే పడేది వెనకవారే, ఎందుకంటే హ్యాండిల్ తిప్పనివ్వకుండా పట్టేసేది వారి ముందు చక్రాన్నే. ముందున్నవారు గుంత కనిపించిన వైపు చేయి కిందికి చూపిస్తూ, ఆగేముందు గట్టిగా చెప్పాలి. ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద పక్కపక్కన తొక్కుతూ కబుర్లు వద్దు. హ్యాండిల్ చివర చిన్న అద్దం పెట్టుకుంటే వచ్చే లారీతో పాటు వెనకబడ్డ తోటివారూ కనిపిస్తారు.

మిట్టలో ఎవరి లయ వారిది, కలిసి తొక్కాలన్న పట్టుదల అనవసరం. పైన ఆగేటప్పుడు జరిగే చిన్న తప్పు చాలా జోడీలను చెడగొడుతుంది. ముందు చేరినవారు పది నిమిషాలు కూర్చుని, నీళ్లు తాగి, ఒళ్లు చల్లబడి ఉంటారు. రెండోవారు రొప్పుతూ వచ్చి కాలు కింద పెట్టగానే, ‘వెళ్దామా?’ అంటారు. అంటే నెమ్మదిగా ఎక్కేవారికి రోజంతా విశ్రాంతే లేదు. వెనకవారు చేరాక ఐదు నిమిషాలు, గడియారం చూసి, ఆగాలి. ‘వెళ్దాం’ అనాల్సింది చివర చేరినవారే.

దారి చీలే ప్రతిచోటా ముందువారు ఆగాలి. ‘తిన్నగానే కదా, వచ్చేస్తారులే’ అనుకున్న కూడలిలోనే విడిపోతారు. 20 నిమిషాలు చూసినా రాకపోతే ముందువారు వెనక్కి రావాలి, వెనకవారు దారి మారకుండా ఉన్నచోటే ఉండాలి. ఇద్దరూ కదిలితే దొరకరు. ఆఫ్‌లైన్ మ్యాపు, రోజు దారి ఫైలు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి, సిగ్నల్ లేనిచోట మ్యాపు చూపించమని ఒకరినొకరు అడిగే పరిస్థితి రాకూడదు.

పొడవైన పల్లంలో బరువైనవారు ముందు, తేలికైనవారు కనీసం 30–40 మీటర్ల వెనక. బ్రేకును సన్నగా పట్టుకుని కిలోమీటర్లు దిగడం తప్పు. రిమ్ బ్రేకైతే ఆ వేడికి ట్యూబే పేలొచ్చు. డిస్క్ అయితే ప్యాడ్లు గాజులా నునుపై పట్టు పోతుంది. గట్టిగా నొక్కి వేగం తగ్గించి, వదిలి, మళ్లీ నొక్కండి. వాసనొస్తే ఆగి చల్లారనివ్వండి. డిస్కును వేలితో ముట్టుకుని చూడకండి.

పంక్చర్: ఎందుకైందో తెలుసుకునే వరకు చక్రం బిగించొద్దు

వెనక చక్రమైతే చైన్‌ను వెనక అతిచిన్న పళ్లచక్రం మీదికి తెచ్చాకే విప్పాలి. ట్యూబు తీసేముందు వాల్వు ఎదురుగా టైరు మీద ఏ అక్షరం ఉందో గుర్తుపెట్టుకోండి. అసలు టైరు వేసేటప్పుడే దాని పేరును వాల్వు దగ్గర ఉండేలా వేయడం పాత మెకానిక్కుల అలవాటు. ట్యూబుకు గాలి కొట్టి పెదవి దగ్గర పెట్టుకుంటూ తిప్పితే సన్న గాలి కూడా తెలుస్తుంది. రంధ్రం వాల్వుకు ఎంత దూరంలో ఉందో టైరు మీద అంతే దూరంలో చూస్తే ముల్లు అక్కడే ఉంటుంది. వేళ్లతో తడమొద్దు, లారీ టైర్ల నుంచి రాలే సన్న తీగ ముక్క గోరు కిందికి దిగుతుంది. చిన్న దూది ఉండను టైరు లోపల చుట్టూ తిప్పండి. దూది ఎక్కడ పట్టుకుంటే తీగ అక్కడే ఉంటుంది.

రంధ్రం ఆకారం కారణం చెబుతుంది. పక్కపక్కన రెండు చీలికలుంటే గాలి తక్కువై గుంతలో రిమ్ ట్యూబును కరిచింది. లోపలివైపు, రిమ్ ఆనుకునే చోట ఉంటే రిమ్ టేపు జరిగింది, ట్యూబుకు ప్యాచ్ ఎన్నిసార్లు వేసినా లాభం లేదు. వాల్వు మొదట్లో చిరిగితే తక్కువ గాలితో తొక్కడం వల్ల టైరూ ట్యూబూ జరిగి వాల్వును లాగాయి, ఆ ట్యూబు పనికిరాదు.

ప్యాచ్ ఊడిపోవడానికి తొందరే ప్రధాన కారణం. గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది, దుమ్ము తుడిచి, సొల్యూషన్ పల్చగా ప్యాచ్ కంటే కొంచెం వెడల్పుగా పూయండి. మెరుపు పోయి, వేలి వెనకభాగం తగిలిస్తే అంటుకోనంతవరకు ఆగండి, మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. తడిమీద వేసిన ప్యాచ్ రాత్రికి గాలి వదిలేస్తుంది. అసలు రోడ్డు పక్కన కొత్త ట్యూబు వేసేసి, ప్యాచ్ పని సాయంత్రం తీరిగ్గా పెట్టుకోవడమే మేలు. టైరు పక్కగోడ కోసుకుపోతే లోపల పాత టైరు ముక్క గానీ ఖాళీ టూత్‌పేస్టు ట్యూబు ముక్క గానీ అడ్డంపెట్టి, గాలి కొంచెం తగ్గించి తర్వాతి ఊరు చేరొచ్చు.

సొల్యూషన్ ట్యూబు ఒకసారి తెరిస్తే కొన్ని వారాల్లో ఆరిపోతుంది. తెరవని చిన్నవి రెండు తీసుకెళ్లండి.

మిగతా తంటాలు

స్పోకులు, అదే పుల్లలు, దాదాపుగా వెనక చక్రంలో కుడివైపువే తెగుతాయి. గేర్లకు చోటివ్వడానికి కుడివైపు పుల్లలు నిటారుగా, ఎక్కువ బిగువుతో ఉంటాయి. తెగడానికి అసలు కారణం మాత్రం బరువు కాదు, బిగువు సమానంగా లేకపోవడం. వదులైన పుల్ల ప్రతి చుట్టులోనూ వదులై, బిగిసి, మెడ దగ్గర అలసి తెగుతుంది. అందుకే బయల్దేరే ముందు చేత్తో కట్టే అనుభవం ఉన్న మెకానిక్ చేత చక్రాల బెండు తీయించి, 200 కిలోమీటర్లు తొక్కాక మళ్లీ ఒకసారి చూపించండి. 36 పుల్లల చక్రం సామానుకు మంచిది.

తెగితే, ఆ పుల్లను పక్కదానికి చుట్టండి. రిమ్ ఎదుటివైపుకి వంగుతుంది. తెగినదానికి ఇరుపక్కలా ఉన్న రెండు పుల్లలు హబ్బు అవతలివైపు వెళ్తాయి, వాటిని అర చుట్టు చొప్పున వదులు చేస్తే రిమ్ మళ్లీ మధ్యకొస్తుంది. కుడివైపు కొత్త పుల్ల వేయాలంటే క్యాసెట్ విప్పాల్సిందే, ఆ లాక్‌రింగ్ పనిముట్టు జోడీకి ఒకటుండాలని చెప్పింది అందుకే. ఒక్కో చక్రానికి పుల్లల పొడవు వేరు కాబట్టి మీ చక్రాలకు సరిపోయేవి రెండేసి చొప్పున కొని, వెనక ఫ్రేము గొట్టానికి టేపుతో అంటించండి.

చైన్‌కు 150–200 కిలోమీటర్లకొకసారి, వానలో తడిస్తే ఆ సాయంత్రమే నూనె. రోలరుకొక చుక్క చొప్పున లోపలివైపు వేసి, పది నిమిషాలాగి, పైన మెరిసేదంతా గుడ్డతో తుడిచేయండి. పైన మిగిలిన నూనె దుమ్ము పట్టి ఇసుక కాగితంలా పళ్లను అరగదీస్తుంది. అరుగుదలకు స్కేలు చాలు: ఒక పిన్ను మధ్యను సున్నా దగ్గర పెడితే, సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువైతే చైన్ మార్చే వేళయింది. ఇంకా సాగదీస్తే క్యాసెట్ కూడా మార్చాలి.

గేర్ వైరు లివర్ లోపలే పోగులు తెగుతుంది. రెండు మూడు రోజుల ముందు నుంచి గేర్లు సరిగా పడవు, సర్దినా మళ్లీ చెడుతుంది. అలా అయితే సర్దడం మానేసి వైరు మార్చండి. పూర్తిగా తెగితే చైన్ అతిచిన్న పళ్లచక్రం మీదికి పడిపోతుంది. డెరైలర్ మీద ‘హెచ్’ మరను లోపలికి బిగిస్తే ఒకటి రెండు చక్రాలు పైకి జరిగి, ఊరు చేరే గేరు దొరుకుతుంది. పడ్డాక అతితక్కువ గేరులో డెరైలర్ పుల్లలకు తగులుతుందేమో చేత్తో తిప్పి చూడకుండా సైకిలెక్కొద్దు. హ్యాంగర్ వంగి ఉంటే పుల్లల్లోకి వెళ్లి అన్నీ కలిపి లాగేస్తుంది.

ఒళ్లు

మోకాలి ముందు నొప్పైతే సీటు తక్కువ, మోకాలి వెనక నొప్పైతే సీటు ఎక్కువ అని ముందు అనుమానించండి. మడమ పెడల్ మీద పెట్టి కిందికి దించితే కాలు తిన్నగా రావాలి. 5 మిల్లీమీటర్లు మించి ఒకేసారి మార్చకండి. చిటికెన, ఉంగరపు వేళ్లు తిమ్మిరెక్కితే అరచేతి అంచున నరం నొక్కుకుంటోంది. పది నిమిషాలకొకసారి చేతుల పట్టు మార్చండి. ప్యాడ్ ఉన్న షార్ట్సు రెండు ఉండాలి, లోపల ఇంకేమీ వేసుకోకూడదు, రోజూ ఉతికి పూర్తిగా ఆరినదే వేసుకోవాలి. సీటు పుండ్లు మొదలైతే ఒక రోజు ఆగడం కంటే మందు లేదు. ఇది చెప్పుకోవడానికి మొహమాటపడి దాచిపెట్టేవాళ్లు చివరికి వారం పోగొట్టుకుంటారు.

ఎండలో గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు, గంటకు 30–60 గ్రాముల పిండిపదార్థం. ఆకలేశాక తింటే ఆలస్యమే. అకారణంగా చిరాకు, మాటకు మాట పెరగడం మొదలైతే ముందు ఇద్దరూ ఏదైనా తినండి, చర్చ తర్వాత. విరేచనాలైతే, ఓఆర్‌ఎస్ పొట్లం దొరకకపోతే, శుభ్రమైన లీటరు నీటిలో తలగొట్టిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా. తడబడే మాట, మతి తప్పడం, ఒళ్లు కాలిపోవడం కనిపిస్తే అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసురుతూ అంబులెన్సు పిలవండి. రెండోవారి రక్తం గ్రూపు, పడని మందులు, ఇంటి ఫోను నంబరు కాగితం మీద రాసి ఇద్దరూ మార్చుకోవాలి. ఫోనులోనే ఉంటే లాక్ తెరవలేకపోవచ్చు.

డబ్బు, కోపం

ఉమ్మడి సంచి ఒకటి పెట్టి ఇద్దరూ సమానంగా వేయండి, అయిపోతే మళ్లీ సమానంగా. బస, తిండి, ఉమ్మడి విడిభాగాలు అందులోంచి. ఎవరి సైకిల్ రిపేరు, ఎవరి చిరుతిళ్లు వారివే. సంచి ఒకరి దగ్గరుంటే లెక్క రెండోవారు రాయాలి, రాత్రికి రాత్రే. బయల్దేరే ముందే మూడు ప్రశ్నలకు జవాబు ఖాయం చేసుకోండి: ఒకరికి జబ్బు చేస్తే ఎన్ని రోజులు ఆగుతాం? ఒకరు మానేస్తే రెండోవారు కొనసాగుతారా? దారి మార్పుల్లో ఇద్దరికీ కుదరకపోతే చివరి మాట ఎవరిది? మూడోదానికి రోజు మార్చి రోజు అన్న పద్ధతి బాగా నడుస్తుంది. వారంలో ఒక పూట విడివిడిగా తిరగడం తప్పేం కాదు, ట్యూబూ పంపూ ఎవరివి వారికి ఉన్నాయిగా.

తిరుగు ప్రయాణానికి విప్పడం

రైలో విమానమో ఎక్కించాలంటే పెడళ్లు తీయాలి. ఎడమ పెడల్ మర తిరగబడి ఉంటుంది. కుడిది అపసవ్యంగా తిప్పితే ఊడుతుంది, ఎడమది సవ్యంగా తిప్పాలి. రెండు పెడళ్లకూ కలిపి గుర్తు ఒకటే: స్పానరు పెడల్ పైన నిలబెట్టి, సైకిలు వెనక్కి లాగినట్టు తిప్పితే వదులవుతుంది. వేల కిలోమీటర్లు తిరిగిన పెడల్ గ్రీజు లేకుండా బిగించి ఉంటే ఇరుక్కుపోతుంది, అందుకే బయల్దేరే ముందే మరలకు గ్రీజు పట్టించండి. డెరైలర్‌ను విప్పి ఫ్రేము లోపలివైపుకి కట్టండి. ముందు చక్రం తీశాక ఫోర్కు కొనల మధ్య చెక్కముక్క గానీ ప్లాస్టిక్ స్పేసరు గానీ బిగించండి, బ్యాగేజీలో పైన బరువు పడితే ఫోర్కు నొక్కుకుపోకుండా. హైడ్రాలిక్ డిస్కైతే ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క పెట్టడం మరవొద్దు, చక్రం లేనప్పుడు లివర్ పొరపాటున నొక్కితే ప్యాడ్లు దగ్గరకొచ్చి మళ్లీ డిస్కు దూరదు. విప్పిన బోల్టులను వాటి కన్నాల్లోకే తిరిగి బిగించి, ఒక్కో సైకిల్ చిన్న సామానును దాని పేరు రాసిన సంచిలో వేరుగా వేయండి. ఒకే సంచిలో రెండు సైకిళ్ల పెడళ్లు కలిసిపోతే, ఎడమది కుడివైపు బలవంతంగా ఎక్కించి క్రాంకు మరలు అరగ్గొట్టుకోవడం తేలిక.